అప్పు వర్ధంతికి ఏం చేద్దాం?

ప్రశ్న: మాది సికింద్రాబాద్, లాలాగూడ. 2010లో ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాను, ఇప్పుడు మహదేవపురలో ఉంటున్నాం. వచ్చిన కొత్తలో రూమ్మేట్లు నన్ను లాక్కెళ్లి చూపించిన మొదటి కన్నడ సినిమా 'జాకీ'. ఆ రోజు నుంచి దాని హీరో పునీత్ రాజ్‌కుమార్ అంటే, అభిమానులందరూ ముద్దుగా పిలుచుకునే 'అప్పు' అంటే ప్రాణం, నాకు కన్నడం వచ్చింది కూడా ఆయన సినిమాలు చూసే. ఆయన పోయి ఇన్నేళ్లయినా అక్టోబరు వస్తే మనసు బాగోదు, పాత వీడియో కనిపిస్తే చాలు కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. "మీ పెదనాన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదా" అంటుంది మా ఆవిడ. తొమ్మిదేళ్ల పాప "ఆయనకి నువ్వు తెలుసా నాన్నా?" అని అడిగింది, ఏం చెప్పాలో తోచలేదు. ఈ అక్టోబరు 29న మా లేఅవుట్‌లో తెలుగు, కన్నడ స్నేహితులం తలా వెయ్యి వేసుకుని ఏదైనా చేద్దామనుకుంటున్నాం. పెద్ద ఫ్లెక్సీ, కటౌట్‌కి పాలాభిషేకం, అన్నదానం అంటున్నారు. నాకు ఫ్లెక్సీ మీద మనసు లేదు, కాని వద్దంటే అభిమానం లేదంటారు. గ్రూపులో ఒకతను ఏటా "అప్పు లేని లోకంలో ఉండి ఏం లాభం" అని పోస్టులు పెడతాడు, అది చూస్తే టెన్షన్‌గా ఉంటుంది. ఇంకో సంగతి. మాతో ఉంటున్న మా నాన్నగారు పాత ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాంకి వీరాభిమాని. బలరాం పోయినప్పుడు పేపర్లో వచ్చిన వార్త కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. "మీవాడి సమాధి దగ్గర జాతర, మావాడి పేరు తలిచేవాడు లేడు" అన్నారు మొన్న. ఆ మాట గుచ్చుకుంది. ఏం చేస్తే బాగుంటుంది?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందు మీ ఏడుపు సంగతి తేల్చేద్దాం, అందులో తప్పు లేదు, వింతా లేదు. ఎందుకంత బాధో మీ ఉత్తరంలోనే ఉంది. భాష రాని ఊళ్లో ఎవరూ తెలియని రోజుల్లో రూమ్మేట్లు మిమ్మల్ని తమలో కలుపుకున్న సాయంత్రం ఆ సినిమాది, ఆటోవాళ్లతో, ఆఫీసులో, కూరగాయల బండి దగ్గర మీరు మాట్లాడిన మొదటి కన్నడం ముక్కలు ఆయన నోటి నుంచి వచ్చినవి. ఆ రూమ్మేట్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉండి ఉంటారు, ఆ గది లేదు, ఆ వయసు లేదు, అవన్నీ ఆయన ముఖంతో ముడిపడి ఉన్నాయి. పైగా ఆయన వెళ్లిపోయిన తీరు అలాంటిది. 2021 అక్టోబరు 29 పొద్దున అన్న శివరాజ్‌కుమార్ సినిమా విడుదలకి శుభాకాంక్షలు చెబుతూ ట్వీట్ పెట్టిన మనిషి మధ్యాహ్నానికి లేడు. 46 ఏళ్లు. పెద్దవాళ్లు పోతారని మనకి లోపల ఎక్కడో తెలుసు కాబట్టి కొంత సిద్ధపడి ఉంటాం, ఇలాంటి చావుకి ఎవరూ సిద్ధంగా ఉండరు. మీ పెదనాన్నగారి మీద ప్రేమ తక్కువని దీనికి అర్థం కాదు, మీ ఆవిడకి కోపం లేకుండా ఇదే చెప్పండి, ఆ గది కబుర్లతో సహా చెప్పండి. ఆవిడ ఆ రోజుల్లో మీతో లేరు కదా, మీరు చెప్పకపోతే ఆవిడకి ఎలా తెలుస్తుంది?

పాప అడిగింది మంచి ప్రశ్న. "ఆయనకి నేను తెలియదమ్మా, నాకు ఆయన తెలుసు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. పిల్లలు దానికి మించి అడగరు, అడిగితే సినిమా చూపించండి. ఆయన పోయిన ఏడాదికి, 2022 అక్టోబరు 28న, 'గంధద గుడి' విడుదలైంది. కర్ణాటక అడవుల మీద తీసిన డాక్యుమెంటరీ, అందులో ఆయన హీరో వేషం లేకుండా తనలాగే కనిపిస్తాడు. తొమ్మిదేళ్ల పిల్లకి నాన్న ఇష్టపడ్డ మనిషి ఎలా ఉంటాడో చూపించడానికి ఫైట్లున్న సినిమా కన్నా అదే నయం.

ఇక మీ గ్రూపు. ఫ్లెక్సీ వద్దనడానికి మీరు మొహమాటపడక్కర్లేదు, ఆయన పేరుతోనే వాదించండి. డాక్టర్ రాజ్‌కుమార్ నందిని పాల ప్రకటనలకి డబ్బు తీసుకోలేదు, పాడి రైతుల సంస్థ అని. తండ్రి తర్వాత పునీత్ కూడా అలాగే పైసా తీసుకోకుండా నటించాడు. అలాంటి మనిషి కటౌట్ మీద పాల ప్యాకెట్లు చింపి పోయడం ఆయన చేసినదానికి సరిగ్గా ఎదురు పని. మీ స్నేహితులకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు, నిజమైన అభిమానికి ఇది వెంటనే తగులుతుంది. ఫ్లెక్సీ సంగతి చెప్పేదేముంది, ఈ ఊళ్లో అనుమతి లేని ఫ్లెక్సీల మీద హైకోర్టు ఎన్నిసార్లు గట్టిగా మాట్లాడిందో అందరికీ తెలుసు, పైగా రెండు వానలకి చిరిగి ఆయన ముఖం మురిక్కాలవలో పడి ఉంటుంది. అది చూడటానికా మీరు డబ్బులేసుకునేది? అన్నదానం పెట్టుకోండి, అందులో వంక పెట్టడానికేమీ లేదు. ఒక్క జాగ్రత్త, ఆయన ఇన్ని బడులు నడిపాడు, ఇంతమందిని చదివించాడు అని వాట్సాప్‌లో తిరిగే అంకెలు బోర్డు మీద రాయకండి. ఒక్కో ఫార్వర్డ్‌లో ఒక్కోలా ఉంటాయవి. మైసూరులో ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం వాళ్ల కుటుంబం నిలబెట్టిన శక్తిధామ ఉంది, అది అందరికీ తెలిసిన నిజం. గొప్పగా బతికిన మనిషికి మనం అబద్ధాలు కలిపి గొప్పతనం అంటగట్టక్కర్లేదు.

నన్నడిగితే మీరు వేసుకునే ఆ డబ్బులో ఎక్కువ భాగం, అంతకు మించి మీ ఓపిక, నేత్రదానం మీద పెట్టండి. ఇది ఆ ఇంటి ఆనవాయితీ. బెంగళూరు కంటి ఆసుపత్రి నారాయణ నేత్రాలయలో రాజ్‌కుమార్ పేరుతో ఐ బ్యాంక్, అంటే దానమిచ్చిన కళ్లు సేకరించే కేంద్రం, 1994లో మొదలైంది. 2006లో ఆయన పోయినప్పుడు ఆయన కళ్లు ఇచ్చారు, 2017లో ఆయన భార్య పార్వతమ్మగారి కళ్లు ఇచ్చారు, 2021లో అంత దుఃఖంలోనూ ఆ కుటుంబం పునీత్ కళ్లు ఇచ్చింది. మామూలుగా రెండు కళ్లు ఇద్దరికి పనికొస్తాయి. పునీత్ కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరని కార్నియా అంటారు. డాక్టర్లు దాన్ని ముందు భాగం, వెనక భాగం కింద విడదీసి, పై పొర చెడిపోయిన ఇద్దరికి ముందు భాగాలు, లోపలి పొర చెడిపోయిన ఇద్దరికి వెనక భాగాలు అమర్చారు. ఆ తర్వాత కర్ణాటకలో వేలమంది కళ్లు ఇస్తామని పేర్లు రాయించుకున్నారు. మన ఎన్టీఆర్ సినిమాల్లో చూసిన బి. సరోజాదేవిగారు, 'జగదేకవీరుని కథ' అంటే మీ నాన్నగారికి వెంటనే గుర్తొస్తుంది, 2025 జులైలో ఇక్కడే బెంగళూరులో కన్నుమూశారు, ఆవిడ కోరిక ప్రకారం ఆవిడ కళ్లు కూడా ఇచ్చారు.

అయితే ఒక్కటి గట్టిగా చెబుతాను. వర్ధంతి రోజు టేబుల్ వేసి, ఫారాలు నింపించి, ఫొటో దిగి ఇంటికెళ్లిపోతే ఒక్క కన్ను కూడా రాదు. ఎందుకంటే ఆ ఫారం నింపిన మనిషి పోయిన రోజున ఫోన్ చేయాల్సింది అతను కాదు, ఇంట్లోవాళ్లు. వాళ్లు ఒప్పుకోకపోతే ఫారం ఉన్నా కళ్లు తీసుకోరు, వాళ్లు ఒప్పుకుంటే ఫారం లేకపోయినా తీసుకుంటారు. ప్రాణం పోయాక ఆరు గంటల్లోపు అయిపోవాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఆ ఇంట్లో ఏడుపులు, బంధువులకి ఫోన్లు, ఊరికి తీసుకెళ్లాలా ఇక్కడే చేయాలా అనే చర్చలు, మనవాళ్లకైతే అనంతపురమో కర్నూలో అంబులెన్స్ మాట్లాడుకోవడం, ఈ గొడవలో ఆరు గంటలు ఎలా పోతాయో తెలియదు. కాబట్టి మీరు చేయాల్సింది ఇది. మీకు దగ్గర్లో ఉన్న ఐ బ్యాంక్ నంబరు కనుక్కుని, అది పనిచేస్తోందో లేదో మీరే ఒకసారి ఫోన్ చేసి చూసుకుని, చిన్న స్టిక్కర్ మీద అచ్చు వేయించి, ఇంటింటికీ ఇచ్చి ఫ్రిజ్ మీద అంటించమనండి. అప్పు బొమ్మ ఒక మూల వేయించండి, అది ఉంటే ఎవరూ పీకరు. దానికింద నాలుగు ముక్కలు రాయండి: కనురెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి, వెంటనే ఫోన్ చేయాలి. వాళ్లే ఇంటికొస్తారు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ముఖం ఏమీ మారదు, పైసా అడగరు.

జనం అడిగే సందేహాలకి కూడా సిద్ధంగా ఉండండి. కళ్లజోడు ఉన్నా ఇవ్వొచ్చు, షుగరు, బీపీ ఉన్నా ఇవ్వొచ్చు, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ ఇవ్వొచ్చు, వయసు ఎంతైనా ఫర్వాలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్, బ్లడ్ క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతారేమో అని మన పెద్దవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, వాళ్లతో వాదన పెట్టుకోకండి, రాజ్‌కుమార్, పార్వతమ్మ, పునీత్ ముగ్గురి ఫొటోలూ పక్కపక్కనే పెట్టండి, ఎవరికి వాళ్లే ఆలోచించుకుంటారు.

సమాధులు, స్మారకాల గురించి మీరు అడగలేదు గాని మీ నాన్నగారి మాటకి అదే ముడి కాబట్టి చెప్పాలి. కన్నడ హీరో విష్ణువర్ధన్ 2009 డిసెంబరు 30న పోతే ఇక్కడ అభిమాన్ స్టూడియోలో దహనం చేశారు. ఆ స్థలం గొడవలు ఏళ్లతరబడి నడిచాయి, మైసూరులో స్మారకం తెరిచేసరికి 2023 వచ్చింది, 2025 ఆగస్టులో అభిమాన్ స్టూడియోలో ఉన్న కట్టడాన్ని రాత్రికి రాత్రి కూల్చేశారు. అభిమానులు ఆ ఇటుకల దగ్గర నిలబడి ఏడ్చారు, వాళ్లని చూస్తే నాకూ కడుపు తరుక్కుపోయింది. ఇంకో కన్నడ హీరో శంకర్ నాగ్ 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. 1980లో 'ఆటో రాజా'లో ఆటో డ్రైవర్‌గా వేసినందుకు ఇప్పటికీ ఈ ఊరి ఆటోల వెనక ఆయన బొమ్మ ఉంటుంది, ఆటో స్టాండులకి ఆయన పేరుంటుంది. ఆయన పోయాక పుట్టిన కుర్రాళ్లు కూడా కొత్త ఆటో కొనగానే ఆ గడ్డం ముఖం వేయించుకుంటున్నారు. మా వీధి చివర స్టాండులో చూస్తుంటాను, పొద్దున బండి తుడిచే గుడ్డతోనే ఆ బొమ్మనీ తుడుస్తారు, అగరుబత్తి మాత్రం ముందున్న దేవుడి పటం దగ్గర గుచ్చి పొగ వెనక్కి కూడా ఒకసారి తిప్పుతారు. స్థలం పట్టా అక్కర్లేని స్మారకం అది. మీరు చేసేది ఆ పద్ధతిలో ఉండాలని నా కోరిక, ఎవరూ వచ్చి కూల్చలేనిదీ, రోజువారీ పనిలో కలిసిపోయేదీ.

ఆ పోస్టులు పెట్టే స్నేహితుడి విషయం మాత్రం అభిమానం అని వదిలేయకండి. పునీత్ పోయిన రోజుల్లో కొందరు అభిమానులు ప్రాణాలు తీసుకున్నారు, అలా చేయొద్దని ఆ కుటుంబమే చేతులెత్తి వేడుకుంది. మీరు గ్రూపులో కాకుండా విడిగా కలిసి టీ తాగుతూ "నిజంగానే చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం పెట్టుకోకండి. చాలాసార్లు హీరో పేరు పైకి కనిపిస్తుంది, లోపల బాకీల బాధో, ఉద్యోగమో, ఇంట్లో గొడవో ఉంటుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇది 29 దాకా ఆగాల్సిన పని కాదు, ఈ వారమే చేయండి.

ఇప్పుడు మీ నాన్నగారు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది ఆయన పర్సులోని పేపరు ముక్కే. ఆయన మాటలో అసూయ లేదు, న్యాయమైన బాధ ఉంది. బలరాం ఎవరో మీ ఇంట్లో వాళ్లకి ముందు మీరు చెప్పండి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ చేతిలో తయారై 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు, ఆ ఏడాది ఇండియా ఫుట్‌బాల్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి కొట్టాడు, ఆ ఒలింపిక్స్‌లో ఇండియా కొట్టినవి మొత్తం మూడు గోల్స్ అయితే అందులో రెండు ఆయనవి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. చుని గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు ఆ కాలం వాళ్లు. జబ్బు చేసి ఇంకా ముప్పై నిండకుండానే ఆట ఆపేశాడు. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయాడు. రహీమ్ జీవితం మీద తీసిన 'మైదాన్' మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది, అందులో తన పాత్రని చూసుకోవడానికి ఆయన లేడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మీ నాన్నగారిని కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్ రికార్డింగ్ పెట్టి బల్ల మీద ఉంచండి, ఇంటర్వ్యూలా కాకుండా మామూలుగా అడగండి. ఏ గ్రౌండులో చూశారు, ఎవరు తీసుకెళ్లారు, టికెట్టా గోడ దూకారా, రోమ్ గోల్ సంగతి పేపర్లో చదివారా ఎవరైనా చెప్పారా, ఆయన ఎడమ పక్క నుంచి బంతి తీసుకొచ్చే తీరు ఎలా ఉండేది. బలరాం ఆటకి సంబంధించిన వీడియో దాదాపు లేదనే చెప్పాలి, కాబట్టి చూసినవాళ్ల మాటే మనకి మిగిలిన రికార్డు, ఆ చూసినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీరు పునీత్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్లో చూసుకోగలరు, మీ నాన్నగారికి ఆ వీలు లేదు. పాపని పక్కన కూర్చోబెట్టండి, మీకన్నా మంచి ప్రశ్నలు తనే అడుగుతుంది.

ఒక సాయంత్రం ఆయన్ని హలసూరు దగ్గర గౌతంపురకి తీసుకెళ్లండి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పేట అది, అక్కడ అంబేడ్కర్, మదర్ థెరిసా విగ్రహాల సరసన బ్రెజిల్ ఆటగాడు పేలే విగ్రహం ఉంటుంది. 2022 డిసెంబరు 29న పేలే పోయినప్పుడు ఆ పేటవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టే బాధపడ్డారు. అది చూశాక మీ నాన్నగారికి ఒక మాట అనిపించొచ్చు, సముద్రాల అవతలి ఆటగాడికి ఇక్కడ విగ్రహం ఉంటే మా సికింద్రాబాద్ వాడికి మా లేఅవుట్‌లో ఏదైనా ఎందుకు ఉండకూడదని. ఉండొచ్చు. ఫిబ్రవరి 16న మీ లేఅవుట్ పిల్లలకి ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టండి, బలరాం కప్పు అని పేరు పెట్టండి, రెండు బంతులు, ఒక చిన్న కప్పు, పిల్లలకి అరటిపళ్లు, నిమ్మరసం, అంతకన్నా ఖర్చు లేదు. అప్పు కార్యక్రమానికి వేసుకున్న డబ్బులో కొంత దీనికి పక్కన పెట్టమని మీ కన్నడ స్నేహితుల్ని అడగండి. కాదనరనే నా నమ్మకం, ఎందుకంటే ఈ ఊరు మీ హీరోని మీకిచ్చింది, మీరు మీ ఊరి ఆటగాణ్ని ఈ పిల్లలకి ఇస్తున్నారు. కప్పు మాత్రం మీ నాన్నగారి చేత ఇప్పించండి, అంతకుముందు ఆయన్ని ఐదు నిమిషాలు మాట్లాడమనండి, తెలుగులోనే, పక్కన ఎవరైనా కన్నడంలో చెబుతారు.

29న అప్పు సమాధి ఉన్న కంఠీరవ స్టూడియోకి వెళ్లాలని మీకు ఉంటుంది, వెళ్లండి. ఆ రోజు అక్కడ పెద్ద క్యూలు ఉంటాయి, కాబట్టి గొరగుంటెపాళ్య దాకా మెట్రోలో పోయి తెల్లవారుజామునే దర్శనం చేసుకుని వచ్చేయండి. నాన్నగారినీ పాపనీ మాత్రం ఆ రోజు తీసుకెళ్లొద్దు, అంతసేపు నిలబడలేరు. రద్దీ లేని ఇంకో రోజు చూసుకుని ముగ్గురూ కలిసి వెళ్లండి.